గుడ్డ మీది రంగు

మా మేనత్త బిక్షమ్మ వేళ్లకు ముద్రలు లేవు. రేషన్ దుకాణంలో మిషన్ మీద బొటనవేలు పెడితే అది ఎర్ర దీపం వెలిగించి కుయ్యిమంటుంది. ఆమె వేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. రెండో వేలు, మూడో వేలు, ఆ తర్వాత ఎడమ చెయ్యి. వెనక లైన్లో నిలబడ్డవాళ్లు గొణుగుతుంటారు. ఆఖరికి నేను ముందుకు వచ్చి నా వేలు పెడితే బియ్యం వస్తాయి. అందరూ నా వైపే చూస్తారని నాకు అక్కడికి పోవాలంటేనే భయం. అత్తకు మాత్రం నవ్వు వస్తుంది.

“నేను బతికున్ననంటే మిషన్‌కు నమ్మబుద్ధి అయితలేదు” అంటుంది.

ఆ ముద్రలు నేల పాలిష్ పనిలో అరిగిపోయాయి. అత్తది దేవరకొండ దగ్గర ఒక పల్లె. సెంటు భూమి లేని ఇల్లు. పద్నాలుగేళ్లప్పుడు వాళ్ల వాడలో ఆడవాళ్లతో కలిసి హైదరాబాదు పోయి, కొత్త ఇళ్లలో మొజాయిక్ నేలలు రుద్దే పనిలో చేరింది. గొంతుక్కూర్చుని, నీళ్లు పోసుకుంటూ, ముందు గరుకు రాయితో, తర్వాత సన్న రాయితో, చివరికి పట్టులాంటి రాయితో రుద్దాలి. ఇరవై ఏళ్లు రుద్దింది. సిమెంటు నీళ్లూ యాసిడూ కలిసి వేళ్ల మీది గీతలను తినేశాయి. తర్వాత నేలలకు మిషన్లు వచ్చాయి. ఆడవాళ్ల చేతులతో పని లేదన్నారు. అదే ఏడాది మా మామ కూడా పోయాడు. అత్త మహబూబ్‌నగర్ వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. మా కార్డులోనే ఆమె పేరూ ఉంది.

మా చర్చికి వచ్చే డానియల్ అన్నకు రైలు గేటు అవతల కార్లకు రంగులు వేసే షెడ్డు ఉంది. నేల రుద్దిన చెయ్యి రేకును రుద్దలేదా అని అత్తను పెట్టుకున్నాడు. రేకు గుంతల్లో పుట్టీ పెట్టాక వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో రుద్దడం, రంగు ఆరాక కాంపౌండ్ అనే పాలిష్ ముద్దతో మెరుగు తేవడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే చేస్తోంది. రంగు కొట్టేది మగవాళ్లే అయినా, కొట్టబోయే ముందు ‘అక్కా, ఒకసారి చూడు’ అని పిలుస్తారు. ఆమె వేళ్లతో చూడదు, ముంజేతి లోపలి వైపు రేకుకు ఆనించి చూస్తుంది. “ఈడ జర గుంత ఉన్నది” అంటే అక్కడ గుంత ఉన్నట్టే. కంటికి కనిపించదు, రంగు వేశాక కనిపిస్తుంది.

నేను పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరిన రెండో నెలలో అమ్మ నడుము పడిపోయింది. ఇల్లు చూడటానికి కాలేజీ మానేశాను. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టేసరికి ఏడాది గడిచిపోయింది, మళ్లీ పోవడానికి నాకే మొహం చెల్లలేదు. అత్త నన్ను షెడ్డుకు తీసుకుపోయింది. అక్కడ ఎవరితోనూ మాట్లాడే అవసరం లేకపోవడం నాకు నచ్చింది. అత్త చెయ్యిని చూస్తూ, ఆమె రుద్దినట్టు రుద్దేదాన్ని.

పోయిన ఎండాకాలం డానియల్ అన్న పాలిష్ మిషన్ కొన్నాడు. దాన్ని నడిపించడానికి రాజేశ్ అనే అతన్ని పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మాటకారి. అత్తకు రోజంతా పట్టే తలుపు అతనికి ఇరవై నిమిషాల పని. మొదటి రోజే అత్త వేళ్ల సంగతి విని, “అక్కా, నువ్వు బ్యాంకుల దొంగతనం చేసినా పోలీసులకు దొరకవు పో” అన్నాడు.

“దొరకను గాని, నీలెక్క నోరున్నోన్ని ఎంబడి తోలుకపోతే దొరుకుత” అంది అత్త.

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ మిషన్ తీగ వైపే చూస్తూ ఉండిపోయాను. నేలల మీదికి మిషన్ వచ్చినప్పుడు ఏమైందో అత్త చెప్పగా విన్నదాన్ని.

దసరా అయిన వారానికి కమలాకర్ సార్ కారు వచ్చింది. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల నాయిన దేవరకొండలో డాక్టరు. ఆ డాక్టరుగారు 1967లో కొన్న అంబాసిడర్ అది. లేత పిస్తా రంగు అని చెప్పారు గానీ, షెడ్డు ముందు దిగినప్పుడు అది ఏ రంగో చెప్పడం కష్టంగా ఉంది. ఎర్ర దుమ్ము, దాని కింద సున్నం రాసినట్టు తెల్లగా పాలిపోయిన రంగు.

డానియల్ అన్న చుట్టూ తిరిగి చూసి, “అంతా గీకి కొత్త రంగు వేస్తే పెండ్లికొడుకు లెక్క అయితది సార్” అన్నాడు.

“వద్దు. ఇది కంపెనీల వేసిన రంగు. యాభై ఏండ్లు దాటింది. ఇంతవరకు ఒక్క చుక్క వేరే రంగు పడలేదు. జనవరిల హైదరాబాదుల పాత బండ్ల ప్రదర్శన ఉన్నది, అక్కడ చూసేది దాన్నే. ఉన్న రంగునే బతికియ్యాలె. ఒక్క జాగల కింది ప్రైమర్ పూత తేలినా ఇగ దాన్ని ఎవ్వరు తేలేరు.” ఆయన బానెట్ మీది ఎర్రటి మరకలు చూపించారు. “అమ్మ ప్రతి దసరాకు పెట్టే కుంకుమ ఇది. ఈ మరకలన్ని పోవాలె.”

రాజేశ్ మిషన్ తెచ్చి, వెనక చక్రం దగ్గర ఎవరికీ కనిపించని చోట ఆనించబోయాడు. అత్త అడ్డం వచ్చింది.

“దాన్ని ముట్టియ్యకు. పాత రంగు ఉల్లిపొర లెక్క ఉంటది. నీ మిషన్ వేడికే లేస్తది. నేను చేత్తో చేస్త.”

డానియల్ అన్న ఆమెను పక్కకు పిలిచాడు. నేను డబ్బాలు సర్దుతున్నట్టు నిలబడి విన్నాను.

“అక్కా, సార్‌కు నువ్వే మాట ఇస్తున్నవు. మంచిది, చెయ్యి. గాని ఒక్క జాగల రంగు లేసినా నా షెడ్డు పేరు పోతది. గట్లయితే ఇగ చేతి పని బంద్ పెడత. అన్ని మిషన్ మీదనే. తర్వాత నన్ను అనొద్దు.”

“అనను తమ్మీ” అంది అత్త.



మొదటి రోజంతా కడగడమే. నేను తడిగుడ్డ తీసుకుని దుమ్ము తుడవబోతే అత్త నా మణికట్టు పట్టుకుంది.

“దుమ్మంటే ఏందనుకున్నవు? ఇసుక. తుడిస్తే గీకినట్టే. ముందు నాననియ్యి. దానంతటదే జారాలె.”

పైపు మూతి వేలితో నొక్కకుండా, నీళ్లు పైకప్పు మీది నుంచి మెల్లగా పారేటట్టు పట్టుకుంది. ఎర్రటి నీళ్లు కిటికీల మీదుగా దిగి నేల మీద పారాయి. మళ్లీ పోసింది. నీళ్లు తేటగా వచ్చిన తర్వాతే రెండు బకెట్లు పెట్టించింది, ఒక దాంట్లో షాంపూ నీళ్లు, ఇంకో దాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. పాత ధోవతి గుడ్డ. పైనుంచి కిందికే తుడవాలి, సున్నాలు చుట్టకూడదు, గుడ్డ కింద పడితే దాన్ని మళ్లీ వాడకూడదు. ఒకసారి నా చేతిలోని గుడ్డ జారి నేల మీద పడింది. నేను వంగేలోపే అత్త దాన్ని కాలితో అవతలికి తన్నింది.

ఆ కారు మీద ఆమె చెయ్యి పెట్టిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. చిన్నప్పుడు దేవరకొండ అంగట్లో ఆగి ఉన్న ఒక కారును అత్త ముట్టుకుంటే, డ్రైవరు తిట్టి, ఆమె చెయ్యి పడిన చోటును గుడ్డతో తుడిచాడట. “నాకప్పుడు ముద్రలుండె మరి” అని నవ్వుతూ చెప్పింది.

కడిగాక బొట్లు స్పష్టంగా కనిపించాయి. బానెట్ నడుమ, ముక్కు నుంచి అద్దం దాకా సన్నటి గట్టులాంటి ఎత్తు ఉంటుంది. దానికి రెండు వైపులా, దాని మీదా ఎర్రటి గుండ్రాలు, వాటి చుట్టూ పసుపు ఛాయలు. కొన్ని ముదురుగా ఉన్నాయి, కొన్ని గులాబీ రంగుకు తిరిగాయి. డిక్కీ మీద కూడా మూడు ఉన్నాయి.

“బండికి అమ్మోరు పోసినట్టున్నది” అన్నాడు రాజేశ్.

మర్నాడు అత్త రంగుకు నూనెలాంటి పాలిష్ పట్టించి నానబెట్టింది. ఆ తర్వాత అంచుల మీద, గట్టు మీద కాగితం టేపు అంటించింది. ఎత్తుగా ఉన్నచోట రంగు పలచగా ఉంటుంది, చెయ్యి కూడా అక్కడే ఎక్కువ ఒత్తుకుంటుంది. అందుకే టేపు. తర్వాత మెత్తటి కాంపౌండ్ చిటికెడు తీసుకుని, అరచెయ్యంత జాగాలో రుద్ది, గుడ్డ తిప్పి నాకు చూపించింది. గుడ్డ మీద లేత ఆకుపచ్చ.

“ఇది చచ్చిన రంగు, పైది. ఇది పోవాలె. ఆకుపచ్చ వస్తున్నంతసేపు కింద ఇంక రంగు ఉన్నట్టు. ఎరుపు వచ్చిందా, చెయ్యి తీసెయ్యి. కింద ప్రైమర్ ఎర్రది. అది కనపడ్డంక ఏసుప్రభు దిగివచ్చినా పాత రంగు రాదు.”

పది సార్లు రుద్దడం, గుడ్డ చూడటం. మళ్లీ పది సార్లు. అత్త రుద్దిన చోట తెల్లటి పొర పోయి పిస్తా రంగు కళ్లు తెరిచినట్టు పైకి వచ్చింది. నేను సంతోషపడాల్సింది. కానీ ప్రతిసారీ గుడ్డ తిప్పేటప్పుడు ముందు ఎరుపు కోసమే వెతికేదాన్ని.

గురువారం పదిహేనో తారీఖు. రేషన్‌కు అదే ఆఖరి రోజు. దుకాణానికి కన్ను చూసే మిషన్ తెచ్చారని ఎవరో చెప్పారు. అత్తకు ఒక్కదానికే పోవాలనిపించింది.

“ఇయ్యాల నీ వేలు అక్కర్లే. నా కన్నుతోని నేనే తెచ్చుకుంట” అంది. పోతూ పోతూ నాకు అప్పగించింది. “బానెట్ మీద సాపు జాగ వరకే చెయ్యి. టేపు దిక్కు పోకు. పైలం బిడ్డా.”

చదునుగా ఉన్న సాపు జాగా గంటలో అయిపోయింది. ఎడమ వైపు బొట్లు మెల్లగా పలచబడి పోయాయి. గుడ్డ మీద ఆకుపచ్చలో కలిసి కొంచెం ఎరుపు వచ్చింది. మొదటిసారి చూసినప్పుడు ఉలిక్కిపడి చెయ్యి తీసేశాను. వంగి చూస్తే రంగు అలాగే ఉంది, బొట్టు మాత్రమే పోయింది. కుంకుమ అన్నమాట. ఊపిరి పీల్చుకుని మళ్లీ రుద్దాను. అన్నీ పోయాయి, గట్టు మీద ఉన్న మూడు తప్ప. అవి సగం టేపు కింద, సగం బయట ఉన్నాయి. శుభ్రమైన బానెట్ నడుమ అవి ఇంకా ముదురుగా కనిపించాయి.

అత్త వచ్చేసరికి బానెట్ మొత్తం శుభ్రంగా ఉండాలనుకున్నాను. డానియల్ అన్న దూరం నుంచి నా వైపు చూస్తున్నాడు. ఆయన చూస్తుండగా ఒక మంచి పని చెయ్యాలని కూడా ఉండింది. టేపు జానెడు పైకి లేపాను.

మొదటి రెండూ పోయాయి. మూడోది గట్టుకు సరిగ్గా నెత్తిన ఉంది. రుద్దాను. గుడ్డ మీద ఎరుపు. కుంకుమ. ఇంకో పది సార్లు రుద్దాను. ఎరుపు. ముదురు బొట్టు కదా, ఇంకా ఉందనుకున్నాను. ఇంకో పది. ఈసారి గుడ్డ మీద ఆకుపచ్చ అసలే లేదు. ఎరుపు పలచబడలేదు, చిక్కబడింది. ఇటుకపొడి లాంటి ఎరుపు.

గుడ్డ కొస తడిపి తుడిచాను. గోరంత జాగాలో రంగు లేదు. ఎర్రగా, మెరుపు లేకుండా, పుండు మీద చెక్కు తీసినట్టు ఉంది.

చుట్టూ చూశాను. రాజేశ్ మిషన్ రొదలో ఉన్నాడు. డానియల్ అన్న ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నేను లేపిన టేపును మళ్లీ గట్టు మీద అంటించి, వేలితో నొక్కాను. ఎప్పటిలాగే ఉంది. ఎవరికీ ఏమీ తెలియదు.

అత్త బియ్యం సంచితో గేటు దగ్గరి నుంచే అరుచుకుంటూ వచ్చింది.

“కోమలా! నా కన్ను పట్టిందే! ఒక్క చూపుకే పట్టింది! ఆ పిల్లగాడు ‘బిక్షమ్మ, ఓకే’ అన్నడు. ఐదేండ్ల తర్వాత నా పేరు మిషన్ల నుంచి వచ్చింది.”

నేను నవ్వాను. నవ్వినట్టు మొహం పెట్టాను. అత్త బానెట్ చూసి, ముంజెయ్యి ఆనించి, “మంచిగ చేసినవు” అంది. ఆమె చెయ్యి టేపు మీదుగా పోతుంటే నేను నేలను చూశాను. అప్పుడే చెప్పాలనుకున్నాను.  ఆమె ఇంకా కన్ను సంగతే చెబుతోంది.

శుక్రవారం పైకప్పు, కుడి వైపు తలుపులు చేశాం. ప్రతి నిమిషం నా కళ్లు ఆ టేపు మీదికే పోయేవి. ఎండకు దాని కొస లేచినట్టు అనిపించి రెండుసార్లు పోయి నొక్కివచ్చాను. డానియల్ అన్న టీ గ్లాసు పట్టుకుని వచ్చి బానెట్ మీద వంగితే నేను రుద్దడం ఆపేశాను. “అక్కా, అద్దం లెక్క అయింది. పేరు నిలబెట్టినవు” అన్నాడు. అత్త తలెత్తకుండా, “రేపు సార్ వచ్చి అననియ్యి” అంది.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు అత్త ప్రార్థన చేసింది. కన్ను మిషన్ కోసం కూడా దేవునికి వందనాలు చెప్పింది. అమ్మ నవ్వింది. నేను అన్నం కలుపుతూనే కూర్చున్నాను.

“ఏందే కోడలా, బువ్వ తింటలేవు? పానం బాగలేదా? దవాఖానకు పోదమా?”

“ఏం లేదు అత్తా.”

ఆమె కాసేపు నా చేతుల వైపు చూసింది. 

శనివారం పొద్దున ఎడమ వైపు రెండు తలుపులు, డిక్కీ మిగిలాయి. సాయంత్రం సార్ వస్తారు. “ముందు బానెట్ టేపు తీసి మైనం పట్టిద్దం” అని అత్త గోటితో టేపు కొస లేపింది.

“అత్తా, అది తియ్యకు.”

 అత్త ఆగింది.

“ఎందుకే?”

 ఆమె టేపును జానెడు లేపి చూసింది. చూసి, ముంజెయ్యి దాని మీద ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. నాకు అత్త మొహం చూసే ధైర్యం లేదు, ఆ చెయ్యినే చూస్తున్నాను.

“ఎప్పుడు?”

“మొన్న. నువ్వు రేషన్‌కు పోయినప్పుడు. గుడ్డ మీద ఎర్రగ వచ్చింది. కుంకుమ అనుకున్న.”

ఆమె బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది.

“ఎరుపు వస్తే ఆగమని చెప్పిన గాని, కుంకుమ కూడ ఎర్రగనే వస్తదని చెప్పకపోతి” అంది మెల్లగా. “మన ఇంట్ల పెట్టం గద. నాకు యాదికే రాలే.”

“నేను చెప్పకపోతి అత్తా. రెండు రోజులు.”

“రెండు రోజులేనా?” అత్త నవ్వలేదు. “హైదరాబాదుల ఒక ఇంట్ల నల్ల నేల మీద నేను యాసిడ్ ఎక్కువ పోసిన. తెల్లగ పాలిపోయింది, ఇంత జాగ. మేస్త్రి అడిగిండు ఎవలని. నేను సప్పుడు చెయ్యలే. నా పక్కన గుర్వమ్మ కూసున్నదని ఆమెను పంపేసిండు. ఆమెకు చంటిపిల్ల ఉండె. ముప్పై ఏండ్లాయె. ఎవ్వరికి చెప్పలే. నీకే చెప్తున్న.”

మా మాటలకు డానియల్ అన్న వచ్చాడు. మచ్చ చూశాడు. మొహం ఎర్రబడింది. రాజేశ్ కూడా వచ్చి వంగి చూశాడు.

“గింతే గద!” అన్నాడు రాజేశ్. “పిస్తా రంగు కలిపి జర స్ప్రే కొడత. పొద్దుగూకేవరకు ఆరుతది. సార్ ఏమన్న భూతద్దం పెట్టి చూస్తడా?”

“అదే చెయ్. జల్ది” అన్నాడు డానియల్ అన్న.

“తమ్మీ, ఒక్క చుక్క వేరే రంగు పడలేదని సార్ అన్నడు. అది దాచిపెట్టి నేను మైనం పట్టియ్య” అంది అత్త.

“మాట నువ్వు ఇచ్చినవు, పేరు నాది పోతది. నేను ముందే చెప్పిన అక్కా, చెప్పిన్నా లేదా?”

“చెప్పినవు. నేను అనను అన్న. ఇప్పుడు కూడ అంటలేను.”

రాజేశ్ రంగు డబ్బా తెచ్చి మూత తీస్తుండగానే గేటు దగ్గర ఆటో ఆగింది. కమలాకర్ సార్ సాయంత్రం రావాల్సినవారు. ఆయన వెనక, కర్ర పట్టుకుని ఒక ముసలమ్మ దిగింది.

“అమ్మ ఆగలేదు. నా బండి చూస్త అని పొద్దున్నుంచి ఒక్కటే లొల్లి” అన్నారాయన.

గోవిందమ్మగారికి ఎనభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు మందంగా ఉన్నాయి. ఆమె ఎవరినీ పలకరించకుండా నేరుగా బానెట్ దగ్గరికి వచ్చి చేత్తో తడిమింది. సగం లేచిన టేపు పక్కన వేలు ఆగింది. కళ్లు దగ్గరికి తెచ్చి చూసింది. మొహం వెలిగింది.

“ఇగో కమలాకరూ! నా బొట్టు పోలే! అన్ని పోయినయి గాని ఇది పోలే. ముక్కు మీదిది. బండి కొత్తగ ఇంటికి వచ్చిననాడు పెట్టిన జాగ ఇదే.”

సార్ నవ్వారు. డానియల్ అన్న కూడా గబుక్కున నవ్వి, “అవునమ్మా, మీ బొట్టే. ఎంత రుద్దినా పోలే” అన్నాడు. రాజేశ్ రంగు డబ్బా మూత మెల్లగా బిగించాడు.

అంతా సర్దుకున్నట్టే అయింది. ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదు. నేను అత్త వైపు చూశాను. అత్త నా వైపు చూడలేదు. ముసలమ్మ చేతి వైపు చూస్తోంది.

“అది బొట్టు కాదమ్మా” అంది అత్త. “కింది ప్రైమర్. పై రంగు లేచింది. నా చెయ్యి జారింది సార్.”

సార్ నవ్వు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని వంగారు. షెడ్డులో మిషన్ కూడా ఆగి ఉంది. రైలు గేటు గంట వినిపించింది.

ముప్పై ఏళ్ల కింద అత్త పక్కన కూర్చున్న గుర్వమ్మ నాకు కనిపించినట్టయింది. నేను ఆ షెడ్డులో అంతవరకు ఒక్క గిరాకీతో కూడా మాట్లాడలేదు.

“అత్త కాదు సార్” అన్నాను. “నేను. అత్త రేషన్‌కు పోయింది. టేపు తియ్యొద్దన్నది. నేను తీసిన. ఎర్రగ వస్తే కుంకుమ అనుకొని ఇంక రుద్దిన.”

 కారుకు ఆనుకుందామనిపించింది, ఆనుకోలేదు.

“ఒక్క జాగ కూడ లేవొద్దని చెప్పిన” అన్నారు సార్. గట్టిగా అనలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. “యాభై ఏండ్లు నాయిన కాపాడిండు. డ్రైవరును కూడ కడగనియ్యకపోయెటోడు.”

గోవిందమ్మగారు కర్ర నేలకేసి కొట్టింది.

“అయితే ఇది నా బొట్టు కాదా? మరి నా బొట్లేవి?”

“తీసేసిండ్రమ్మా. నేనే తియ్యమన్న. మరకలన్ని...”

“మరకలా?” ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది. “నేను పెట్టిన బొట్లు మరకలా? మీ నాయిన ఒక్కనాడు అనలే ఆ మాట. ఆయన బండిని ఒక్కసారి కూడ ఆపద రాకుండ ఇంటికి తెచ్చింది ఆ రంగా, నా బొట్టా? ఆ పిల్లను తియ్యమన్నది నువ్వు, మళ్ల ఆమెనే గదమాయిస్తున్నవా?”

“అమ్మా, గట్ల కాదు...”

“ఎట్లయినా గాని. ఎన్క ఉన్నయి గద మూడు? అవి ముడితే ఊకోను. ముందట, వచ్చే దసరాకు మళ్ల పెడత. నువ్వు ఏం చేస్తవో చూస్త.”

రాజేశ్ మొహం తిప్పుకున్నాడు, నవ్వు ఆపుకోలేక. సార్ బానెట్ వైపే చూస్తూ నిలబడ్డారు. ఆయన కోపం పోలేదు. ఆ ఎర్రటి గోరంత జాగా మీద వేలు పెట్టి తీశారు.

“దీనికి ఇప్పుడు ఏం చేస్తరు?”

“రంగు వేస్తే తెలుస్తది సార్. వెయ్యకపోతే తుప్పు పడతది. మైనం పట్టిస్త, నెలనెల పట్టియ్యాలె. గంతకంటె నాకు తెలువదు” అంది అత్త.

“మిగిలిన రెండు తలుపులు?”

“కోమల చేస్తది.”

డానియల్ అన్న “అక్కా!” అన్నాడు. నేను కూడా అదే అనబోయాను. అంతలో అత్తే మాట్లాడింది.

“తప్పు చేసినోళ్లను పని కాడికెల్లి లేపితే, చెయ్యికి భయం ఒక్కటే మిగులుతది. ఎక్కడ ఆగాల్నో ఇయ్యాల దానికి తెలిసినంత నాకు కూడ తెల్వదు సార్. వద్దంటే బండి ఇప్పుడే తీసుకపోండ్రి.”

 సార్ మూలనున్న స్టూలు లాక్కుని వచ్చి ఎడమ వైపు ముందు తలుపు ఎదురుగా వేసుకుని కూర్చున్నారు.

“నేను ఇక్కడనే ఉంట. ప్రతిసారి గుడ్డ నాకు చూపియ్యాలె” అన్నారు నాతో.

గోవిందమ్మగారిని అత్త నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆ తర్వాత బానెట్ దగ్గరికి పోయి మైనం డబ్బా తీసింది. నా వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

అంచుల మీద టేపు అంటించాను. రెండుసార్లు వంకరగా పడింది, తీసి మళ్లీ వేశాను. కాంపౌండ్ చిటికెడు తీసుకున్నాను.  పది సార్లు రుద్ది గుడ్డ తిప్పాను. ఆకుపచ్చ. ఆయన తలూపలేదు, వద్దనలేదు. మళ్లీ పది. ఆకుపచ్చ.

రాజేశ్ పక్కన ఆగి ఉన్న తెల్ల ట్యాక్సీ పని మొదలుపెట్టబోతూ మిషన్ తీగను మా మీదుగా లాగుతున్నాడు.

“ఆ వైరు ఇటు తేకు. అవతలి నుంచి తీసుకపో. వాళ్ల చెయ్యికి అడ్డం వస్తది” అన్నాడు డానియల్ అన్న. అత్త వైపు చూడకుండానే అన్నాడు. అత్త మైనం పట్టించే చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

తలుపు నడుమ పిస్తా రంగు పైకి వచ్చింది. కింద అంచుకు దగ్గరవుతున్నకొద్దీ నా లెక్క పది నుంచి ఐదుకు, ఐదు నుంచి మూడుకు తగ్గింది. టేపుకు రెండు వేళ్ల దూరంలో చెయ్యి ఆపేశాను. అక్కడ ఇంకా కొంచెం తెల్లదనం మిగిలే ఉంది.

“ఇంక ఉన్నది గద, ఆపినవేంది?” అన్నారు సార్.

“చాలు సార్. ఇంతవరకే.”

ఆయన ముందుకు వంగి ఆ తెల్లటి చారను చూశారు. తర్వాత చెయ్యి చాపారు. నేను గుడ్డ తిప్పి ఆ చేతిలో పెట్టాను. దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. ఆకుపచ్చ.

గుడ్డ నాకు తిరిగి ఇచ్చి, లేచి, స్టూలు రెండో తలుపు ముందుకు జరుపుకున్నారు.